శనివారం సాయంత్రం వచ్చే ఆదివారం

నాకు గర్వం ఎక్కువని మా వాళ్ళందరూ అంటారు. ఉంటే ఏమిటట? కొందరికి పొలాలుంటాయి, కొందరికి మేడలుంటాయి. మా ఇంట్లో ఒక కొవ్వొత్తి ఉండేది. నిలబెడితే నా నడుం దాకా వచ్చేది, నా ముంజేతి కన్నా లావు. చేసింది మా నాయన. అది మా పరువు తీసిన సంగతీ, ఆ పరువు మళ్ళీ ఇంటికొచ్చిన సంగతీ రెండూ చెబుతాను. మొదటిది మాత్రమే విని నవ్వి పోయినవాళ్ళు మా బజారులో చాలామంది ఉన్నారు, అందుకని ముందే చెబుతున్నాను.

మాది పుదుచ్చేరి. తెలుగువాళ్ళమే గానీ ముత్తాతల నాడే ఇక్కడికొచ్చి కొట్టు పెట్టుకున్నాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాయనకు తెలుగు చదవడం రాదు. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు నేను కూడా పెళ్ళయ్యాక కూర్చుని నేర్చుకున్నవే. మాది కొవ్వొత్తుల వ్యాపారం. వీధి గదిలో అమ్మకం, వెనక పెరట్లో తయారీ. నుదుటి నిండా నామాలు పెట్టుకుని చర్చికి ఒత్తులు చేయడమేమిటని ఎవరైనా అడిగితే, "దీపం దీపమే గదా, నెయ్యైతే ఏంది, మైనమైతే ఏంది" అనేవాడు నాయన. ఆత్మల పండగనాడు ఉప్పళం వైపు సమాధుల మీద వెలిగే ఒత్తులు ఏవి మావో దూరం నుంచి చూసే చెప్పేవాడు. మావి పొగ రావు.

డెబ్బైల చివర, నేను కాలేజీలో చదువుకునే రోజుల్లో, మాకు దగ్గర్లో ఉన్న చర్చికి కొత్త సామియార్ వచ్చాడు. పాదిరీని ఇక్కడ అందరూ సామియార్ అనే అంటారు. తమిళాయనే, పెద్దవాడు, మాట నెమ్మది. ఆయన ఒకరోజు మా కొట్టు మెట్లెక్కి, ఈస్టరు పండగకు పెద్ద ఒత్తి చేసిపెడతావా అని నాయనను అడిగాడు. గుడి మొత్తానికి ఏడాదికి ఒకటే ఒత్తి అది. పండగకు కొత్తది వెలిగిస్తారు, మళ్ళీ పండగ దాకా దాన్నే వాడతారు. అంతకు ముందు మద్రాసు నుంచి తెప్పించేవారట.

నాయన మొహం చూడాలి అప్పుడు! ఏనుగెక్కినంత సంబరం. చిన్న ఒత్తులు ఎవరైనా పోస్తారు, అచ్చులో మైనం పోసి దారం పెడితే అయిపోయె. ఇది అట్లా కాదు. లావుపాటి దారాన్ని పెరట్లో దూలానికి వేలాడదీసి, కరిగిన తేనెమైనం గరిటెతో పై నుంచి పోయాలి, ఆరనివ్వాలి, మళ్ళీ పోయాలి. మధ్య మధ్య దించి నున్నటి పలక మీద చపాతీ కర్రలాగా దొర్లించాలి. ఆ నెలంతా అమ్మకు సాంబారు తీసే గరిటె దొరకలేదు. "ఆ సామి ఒత్తి ఎప్పుడు పోతాదో, నా గరిటె ఎప్పుడొస్తాదో" అని గొణుక్కునేది. చివర్లో ఎర్ర మైనంతో సిలువ, దాని చుట్టూ ఆ సంవత్సరం అంకెలు. ఆ అంకెలను నాయన ఎంత ముద్దుగా దిద్దాడో!

ఇప్పుడు అసలు సంగతి. సామియార్ ఏం చెప్పాడో నేను అక్కడే నిలబడి విన్నాను. "ఆదివారం పండగ. ఆదివారం మొదలవుతూనే వెలిగించాలి, ఆలస్యం కాకూడదు" అన్నాడు. నాయన చెయ్యెత్తి దణ్ణం పెట్టి, "ఆదివారం మొదలయ్యే వేళకి మీ గుమ్మంలో ఉంటాది సామీ" అన్నాడు. ఇద్దరూ తేటగానే మాట్లాడుకున్నారు. ఇద్దరికీ అనుమానం రాలేదు. ఆదివారం ఎప్పుడు మొదలవుతుందని ఎవరైనా ఎవరినైనా అడుగుతారా, చెప్పండి?

శనివారం సాయంత్రం గుడిలో ఏదో ఆరాధన ఉందని నాయనకు తెలుసు. ఆ పూటకని చిన్న ఒత్తులు కట్టలు కట్టలుగా అమ్మాడు కూడా. అయితే ఆయన దాన్ని జాగారం అనుకున్నాడు. మనకు వైకుంఠ ఏకాదశికి రాత్రంతా మేలుకుంటాం, తెల్లారుజామున వాకిలి తెరిస్తే అప్పుడు పండగ. వాళ్ళకీ అంతే అనుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు కొట్టు మూసి, కాళ్ళు కడుక్కుని వెంకటేశ్వరస్వామి పటం ముందు కూర్చున్నాడు. శనివారం నాయనకు ఒక్కపొద్దు. మధ్యాహ్నం ఒకపూట అన్నం, రాత్రికి ఉప్మా. పెళ్ళి భోజనమైనా శనివారం రాత్రి అన్నం ముట్టడు.

అప్పుడొచ్చాడు చర్చి పనులు చూసే ఉపదేశి, సైకిలు వీధిలో పడేసి, రొప్పుకుంటూ. "పెద్ద ఒత్తి యాడ? సామియార్ కాచుకోనుండాడు."

"రేపు గదా," అన్నాడు నాయన. "ఇయ్యాళ శనివారం."

"ఏంది శనివారం? ఆదివారం వచ్చేసినాది!"

నాయన ఆయన్ను కింది నుంచి పైదాకా చూసి, అమ్మ వైపు తిరిగి, "పాపం, పండగ గదా, పొద్దున్నుంచే వేసుకున్నట్టుండాడు" అన్నాడు. తర్వాత ఆయనతో, "ఎరుపు ఇంకా ఆరలే. ఇప్పుడు మోస్తే అంకెల మీద వేళ్ళు పడతాయి. తెల్లారేసరికి నేనే తెస్తా, పో" అన్నాడు. ఉపదేశి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు.

మర్నాడు సూర్యుడు రాకముందే నాయన ఒత్తిని కొత్త పంచెలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని రిక్షాలో పోయాడు. వెంట నేను. గుడిలో పీఠం పక్కన పోయినేటి ఒత్తి, మిగిలిన పొట్టి ముక్క, వెలుగుతూ ఉంది. సామియార్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "నిన్న సాయంత్రమే పాతది వెలిగించేశాం. ఏడాదికి ఒక్కసారే గదా కొత్తది పెట్టేది. ఏం చేయను చెప్పు" అన్నాడు బాధగా. పండగ బట్టలు కట్టుకున్న జనం చూస్తుండగా నాయన ఒత్తిని మళ్ళీ పంచెలో చుట్టాడు.

బజారు ఊరుకుంటుందా? సోమవారానికల్లా నాయనకు పేరు పెట్టేశారు, "నాళై సెట్టి" అని. నాళై అంటే తమిళంలో రేపు. "ఏం సెట్టీ, పండగ ఇయ్యాళా, నాళైనా?" అని పక్క కొట్టువాళ్ళు. కాలేజీకి పోతుంటే వాళ్ళ పిల్లలు నన్ను కూడా అనేవాళ్ళు. నేను ఊరుకునే రకం కాదు, నాలుగు తిట్టేదాన్ని. నాయన మాత్రం తిట్టలేదు. ఆయన చేసింది ఇంకా ఘోరం. పెరట్లో పొయ్యి ఆర్పేశాడు. దూలానికున్న దారాలు విప్పేశాడు. కంపెనీ ఒత్తులు పెట్టెలతో తెప్పించి అమ్మడం మొదలుపెట్టాడు, పొగొచ్చేవి. "చేతిపని మనకొద్దు. అమ్ముకుని బతుకుదాం" అన్నాడు. తాత నేర్పిన పని అది. మైనం వాసన లేకపోతే మా ఇల్లు మా ఇల్లులాగే లేదు. పెద్ద ఒత్తి నడవలో మూలన పంచె కప్పుకుని నిలబడి ఉండేది, అలిగిన చుట్టంలాగా.

"నన్ను జనం ముందర నగుబాటు చేయాలనే చేసినాడు ఆ సామి" అని నాయన అమ్మతో అనడం ఒకరోజు విన్నాను. నాకు ఒళ్ళు మండింది. తాడో పేడో తేల్చుకుందామని కాలేజీ నుంచి నేరుగా చర్చికే పోయాను. సామియార్ వరండాలో కూర్చుని ఉన్నాడు.

"శనివారం సాయంత్రాన్ని ఆదివారం అనడం ఏ ఊరి లెక్క సామీ? మా నాయన చెప్పిన వేళకే తెచ్చాడు గదా!" అన్నాను. దణ్ణం కూడా పెట్టలేదు.

ఆయన కుర్చీ చూపించాడు. లోపల్నుంచి వేదపుస్తకం తెచ్చి, మొట్టమొదటి పుట తెరిచి నా ముందు పెట్టాడు. తమిళంలో ఉంది, చదివాను. దేవుడు లోకాన్ని చేసిన కథ. ఒక్కో రోజు పని ముగిసినప్పుడల్లా, సాయంత్రమైందనీ, ఉదయమైందనీ, అది ఒక రోజనీ రాసి ఉంది. నేను రెండుసార్లు చదివాను. సాయంత్రం ముందు, ఉదయం తర్వాత!

"పాత యూదుల లెక్క ఇది. పొద్దు గూకితే కొత్త రోజు మొదలు" అన్నాడు సామియార్. "వాళ్ళ విశ్రాంతి రోజు శనివారం, అది కూడా శుక్రవారం సాయంత్రం దీపంతోనే వస్తుంది. మా పెద్ద పండగలకు ఆ లెక్క అట్లాగే నిలిచిపోయింది. నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మీ నాయనకు చెప్పాలని తోచనే లేదమ్మా."

సరే, అది ఒప్పుకున్నాను. కానీ ఊరికే లేచి వస్తే నేను నేనెట్లా అవుతాను? "అయితే ఇంకోటి చెప్పండి. మీ దేవుడు శుక్రవారం మధ్యాహ్నం చనిపోయి మూడో రోజు లేచాడంటారే. శుక్రవారం నుంచి ఆదివారం తెల్లారేదాకా గట్టిగా లెక్కేస్తే రెండు రోజులు కూడా నిండవు. మూడు ఎట్లా అయింది?"

సామియార్ నవ్వాడు. "ఇది మా పిల్లలు కూడా అడుగుతారు. ఆ పాత యూదులకు రోజులో ముక్క కూడా రోజే. శుక్రవారం పొద్దు గూకేలోపల మిగిలిన కాస్తంత సేపు ఒక రోజు. అక్కణ్ణించి శనివారం పొద్దు గూకేదాకా రెండో రోజు. తర్వాత మొదలైంది మూడోది. నేను ఇట్లా చెబితే ఎవరికీ నచ్చదు, సామియార్ లెక్క సర్దేశాడు అనుకుంటారు."

అప్పుడు నాకు తట్టింది. తట్టగానే ముందు చెంపలు వేడెక్కాయి. ఎందుకంటే ఆ లెక్క మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. నెలనెలా బయట కూర్చునే రోజుల్లో, దీపాలు పెట్టే ముందు బయటయినా సరే, ఆ రోజు ఒకటి కిందే లెక్క. నాలుగో నాడు తలస్నానం. దాంట్లో అమ్మ ఒక్కనాడూ తప్పలేదు. అయితే ఆ మాట సామియార్‌తో ఎట్లా చెప్పను? అందుకని మా అవ్వ చావు చెప్పాను.

"మా అవ్వ సాయంత్రం దీపాలు పెట్టే ముందు పోయింది సామీ. ఆ పూట ఎంత మిగిలిందని? అయినా ఆ రోజే ఒకటో రోజు. అట్లా లెక్కేసుకునే పదో రోజు కర్మ చేశాం. మురుంగపాక్కంలో ఉండే మా చిన్నాయన మర్నాటి నుంచి లెక్కేసుకుని, అంతా అయిపోయాక, అరటాకుల కట్ట నెత్తిన పెట్టుకుని దిగాడు. 'సాయంత్రం పోతే అది కూడా ఒక రోజేనా?' అన్నాడు. 'పోయిన రోజును వదిలేసి లెక్కపెడతారటరా ఎవరైనా?' అని మా నాయన ఆయన్ను పట్టుకుని తిట్టాడు."

సామియార్ కుర్చీలో ముందుకు వంగాడు. "మీ నాయనా? ఈ మాట మీ నాయనే అన్నాడా?"

"మా నాయనే."

ఆయన చాలాసేపు నవ్వాడు, ఎగతాళిగా కాదు. మా వీధిలో ఫ్రెంచి పింఛను తీసుకునే ముసలాయన కూడా వారాన్ని ఎనిమిది రోజులనే అంటాడని చెప్పాను. ఈ ఆదివారమూ, వచ్చే ఆదివారమూ రెంటినీ కలుపుకుంటే ఎనిమిదేగా మరి. "ఫ్రెంచివాళ్ళ దగ్గరే చదువుకున్నాను, నాకు ఎప్పుడూ తోచలేదు చూశావా" అన్నాడు సామియార్. లెక్క ఎక్కడో ఎడారి దేశంలో లేదు, మా నడవలోనే ఉంది. దాన్ని పట్టుకుంది నేను! ఆ రోజు ఇంటికి నడిచి వచ్చానో ఎగిరి వచ్చానో నాకు తెలియదు.

ఇంట్లో మాత్రం అంత సులువు కాలేదు. నాయన నా మాట విన్నాడు, విని ఒక్క ముక్కలో తేల్చేశాడు. "వాళ్ళ లెక్క వాళ్ళది. ముందే చెప్పుండచ్చు గదా."

"నువ్వు అడిగినావా?"

"ఆదివారం ఎప్పుడొస్తాదని ఏ మడిసన్నా అడుగుతాడా? పొద్దు పొడిస్తే రోజు. తాతల నాటి నుంచీ అంతే."

"నువ్వే గదా చిన్నాయన్ని తిట్టినావు, సాయంత్రం ముక్కను కూడా లెక్కేసుకోవాలని?"

"అది చావు లెక్క. ఇది పండగ."

"చావుతో మొదలైన పండగే గదా అది కూడా!"

నాయన లేచి వీధి గదిలోకి పోబోయాడు. నాకు కోపమూ ఏడుపూ రెండూ కలిసి వచ్చాయి. మూలనున్న ఒత్తి మీది పంచె లాగి పారేశాను.

"పొద్దు పొడిచినాక ఒత్తి ఎవరికి కావాలి నాయనా?" అన్నాను. "సూర్యుడు వచ్చినాక నీ దగ్గర కొనేదెవరు? చీకటి పడతానే రోజు మొదలైందనే వాళ్ళకి మొట్టమొదట కావలసింది ఏంది? నీ సరుకే గదా! లోకంలో ఎవరికి తెలియకపోయినా కొవ్వొత్తులు చేసేవాడికి తెలియొద్దా? దీపం కింద చీకటి అని అవ్వ ఊరికే అనేది కాదు."

అమ్మ నన్ను నోరు మూయమని సైగ చేసింది. పెద్దవాళ్ళ మీద అంత గొంతు ఎత్తడం మా ఇంట్లో లేదు. నాయన గడపలో నిలబడిపోయాడు. వెనక్కి వచ్చి, ఒత్తి పక్కన చతికిలబడి, ఎర్ర అంకెల మీద దుమ్ము బొటనవేలితో తుడిచాడు. "చీకటి పడతానే," అని ఒక్కసారి తనలో తాను అనుకున్నాడు. నేను ఆ రాత్రి కోపంతో తినకుండా పడుకున్నాను. పొద్దున్నే పెరట్లోంచి తేనెమైనం వాసన వచ్చింది. "నా గరిటె!" అని అమ్మ అరుస్తోంది, అరుస్తూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

ఆ వారమే నాయన తనంతట తనే సామియార్ దగ్గరికి పోయాడు. "వచ్చే ఏటికి కూడా నేనే చేస్తా సామీ. ఈసారి ఏ వేళకో అడిగి చేస్తా" అన్నాడట. ఆ చేసిన ఒత్తే ఉంది గదా, అంకెలు మార్చి తెచ్చెయ్ అని సామియార్ అంటే నాయన ఒప్పుకోలేదు. "వెనక్కొచ్చిన సరుకును దేవుడికి పంపను" అన్నాడు. మా నాయన పొగరు అది. నాకు ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు మరి?

ఏడాది తిరిగింది. కొత్త ఒత్తి మొదటి దానికన్నా బాగా వచ్చింది, అద్దంలాగా నునుపు. శనివారం పొద్దున్నే ఉపదేశి సైకిలు మీద దిగాడు. పోయినేడు దెబ్బ తిన్నవాడు, పాపం, అతని భయం అతనిది. "సెట్టీ, ఒత్తి యాడ?"

"ఏంది తొందర?" అన్నాడు నాయన, పళ్ళు తోముకుంటూ. "ఇంకా శనివారమే గదా. పొద్దు గూకినాకే ఆదివారం వస్తాది. అంతకు ముందే నేను వస్తా. ఏం, నీకు లెక్క తెలీదా?" ఉపదేశి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పక్క కొట్టువాళ్ళు విని, ఆ రోజంతా మా వైపు చూసి ఒక్క మాట అనలేదు.

పొద్దు గూకకముందే మేమిద్దరం గుడి ముందుకు చేరాం. చీకటి పడగానే బయట చిన్న మంట వేశారు. గుడిలో దీపాలన్నీ ఆర్పేశారు. మంట నుంచి మా నాయన ఒత్తిని వెలిగించి సామియార్ దాన్ని ఎత్తుకుని చీకట్లోకి నడిచాడు. దాని నుంచి ఒక చిన్న ఒత్తి, ఆ చిన్న ఒత్తి నుంచి పక్కవాళ్ళది, అట్లా గుడి చివరిదాకా వెలుగు పాకింది. నామాలు పెట్టుకుని గుమ్మం బయట నిలబడ్డ మా నాయన చేతిలోకి కూడా ఎవరో ముసలామె ఒక వెలిగించిన ఒత్తిని పెట్టింది. ఆయన దాన్ని వంచి చూసి, "మనదే. పొగ లేదు" అని నా చెవిలో అన్నాడు.

ప్రసంగంలో సామియార్ మూడో రోజు మాట ఎత్తాడు. "రెండు రోజులు కూడా నిండనిదాన్ని మూడంటారేమని అడుగుతుంటారు మీరు. మీ ఇళ్ళలో పోయినవాళ్ళకు రోజులు ఎట్లా లెక్కపెడతారో చూసుకోండి. నాకు ఇది చెప్పింది ఈ ఒత్తి చేసిన సెట్టి కూతురు. నేర్చుకుంది వాళ్ళ నాయన దగ్గర" అన్నాడు. తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. పోయినేడు పంచెలో ఒత్తిని చుట్టుకుంటుంటే చూసిన తలలే అవి. నాయన వెన్ను నిటారుగా పెట్టి నిలబడ్డాడు. నా సంగతి అడగొద్దు.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఉప్మా చేసి పెట్టుంది. నాయన కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుని, "అన్నం పెట్టు" అన్నాడు.

అమ్మ అదిరిపోయింది. "శనివారం! మతి యాడ పారేసుకుని వచ్చినావు?"

"శనివారం ఎప్పుడో అయిపోయిందే. ఆదివారం వచ్చింది, నేను దగ్గరుండి చూసి వస్తా ఉండా. దాన్ని ఎలిగించింది నా ఒత్తే."

"అట్లనా? అయితే ఆ లెక్క పటంలో ఉండే స్వామి కాడ చెప్పుకో పో. నా కాడ ఉప్మానే ఉండాది."

నాయన పడీ పడీ నవ్వాడు. ఏడాదిగా ఆ నవ్వు మేం వినలేదు. తర్వాత లేచి, మూలనున్న మొదటి ఒత్తిని, వెనక్కి వచ్చినదాన్ని, రెండు చేతులతో ఎత్తి తెచ్చి నడవ మధ్యలో నిలబెట్టాడు. అగ్గిపెట్టె ఇమ్మని నన్ను అడిగాడు. వద్దని అమ్మ అనలేదు. ఆ వెలుగులో కూర్చుని మా నాయన శనివారం ఒక్కపొద్దు ఉప్మా తిన్నాడు, ఆదివారం నాడు.